అగస్టస్ వంశంలో అగస్టస్ రక్తం ఎవరిది?

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయటపడిన రోమన్ నిధిలో 1500కు పైగా వెండి నాణేలున్నాయి. వాటిలో ఎక్కువభాగం ఇద్దరు చక్రవర్తులవే: అగస్టస్, టైబీరియస్. దక్షిణాదిలో రోమన్ వెండి ఎక్కడ దొరికినా దాదాపు ఇదే వరస. అగస్టస్ నాణేల్లో మరీ తరచుగా కనిపించే అచ్చు ఒకటుంది. ఒకవైపు ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి తల. రెండోవైపు టోగాలు కట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ మధ్య డాళ్ళు, ఈటెలు, పైన పూజారులు వాడే గరిటె ఒకటి, వంకీ కర్ర ఒకటి. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు చెప్పేది ఇది: గాయస్, లూషియస్ సీజర్లు, అగస్టస్ కుమారులు, కాబోయే కాన్సల్‌లు (రోమ్‌లో అత్యున్నత పదవి), యువజన నాయకులు.

ఈ కుర్రాళ్ళు అగస్టస్ కన్నకొడుకులు కారు. అతని కూతురి కొడుకులు. కన్నతండ్రి బతికుండగానే తాత వాళ్ళను దత్తత తీసుకుని కొడుకుల్ని చేసుకున్నాడు. ఇద్దరిలో ఒక్కడూ గద్దె ఎక్కలేదు. క్రీ.శ. 4 నాటికి ఇద్దరూ పోయారు. తర్వాతి కాలంలోనూ వాళ్ళ బొమ్మలున్న వెండి ఓడలెక్కి మన తీరాలకు వస్తూనే ఉంది. కొన్నిటికి ఇక్కడివాళ్ళే నకళ్ళు కూడా చేసుకున్నారు.

అగస్టస్‌తో మొదలై నీరోతో ముగిసిన ఐదుగురు చక్రవర్తుల వరసను చరిత్రకారులు జూలియో-క్లాడియన్ వంశం అంటారు. అగస్టస్ (క్రీ.పూ. 27 - క్రీ.శ. 14), టైబీరియస్ (14-37), కలిగులా (37-41), క్లాడియస్ (41-54), నీరో (54-68). పాఠ్యపుస్తకంలో ఈ పేర్లు ఒకదాని కింద ఒకటి చూస్తే తండ్రి తర్వాత కొడుకు అనిపిస్తుంది. నిజానికి ఈ ఐదుగురిలో ఒక్కడు కూడా కన్నతండ్రి నుంచి అధికారం అందుకోలేదు. అగస్టస్ తర్వాత వచ్చిన నలుగురిలో అతని రక్తం ఉన్నది ఇద్దరిలోనే. అతను యుద్ధంలో ఓడించి ఆత్మహత్యకు నెట్టిన మార్క్ ఆంటోనీ రక్తం మాత్రం ముగ్గురిలో ఉంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే రెండు దారాలు వేరువేరుగా పట్టుకోవాలి. ఒకటి చట్టం ఇచ్చిన సంబంధం, అంటే దత్తత. రెండోది రక్త సంబంధం, అది మొదటినుంచి చివరిదాకా ఆడవాళ్ళ వైపు నుంచే నడిచింది. పేర్ల దగ్గర తికమక తప్పదు. రోమ్‌లో ఆడపిల్లకు తండ్రి వంశం పేరే పేరు. జూలియస్ వంశంలో పుట్టిన ప్రతి ఆడపిల్లా జూలియాయే, ఆంటోనీ కూతుళ్ళిద్దరూ ఆంటోనియాలే. అందుకని ఇక్కడ ప్రతి ఒక్కరినీ వరసతో కలిపి చెబుతాను.

మేనకోడలి కొడుకు

క్రీ.పూ. 63 సెప్టెంబరు 23న పుట్టినప్పుడు అగస్టస్ పేరు గాయస్ ఆక్టేవియస్. తండ్రిది వెలిట్రే అనే ఊరు. డబ్బున్న కుటుంబమే గానీ రోమ్ కులీనుల లెక్కలో పెద్ద పేరున్నది కాదు. పిల్లాడికి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి అటియా మాత్రం జూలియస్ సీజర్‌కు మేనకోడలు. ఆ ఒక్క చుట్టరికమే మొత్తం కథకు మూలం.

సీజర్‌కు చట్టప్రకారం చెల్లే కొడుకు లేడు. క్రీ.పూ. 44 మార్చి 15న అతన్ని చంపాక వీలునామా విప్పితే, ఆస్తిలో నాలుగింట మూడు వంతులు, దాంతో పాటు తన పేరు మేనకోడలి కొడుక్కి రాసి ఉంది. కుర్రాడికి అప్పటికి 18 ఏళ్ళు. వీలునామా ద్వారా దత్తత చెల్లుతుందా లేదా అన్న సందేహం ఉండటంతో మరుసటి ఏడాది దాన్ని ప్రజాసభ చట్టంతో ఖాయం చేయించుకున్నాడు. క్రీ.పూ. 42లో సెనేట్ సీజర్‌ను దేవుడిగా ప్రకటించింది. దాంతో వెలిట్రే ఊరి కుర్రాడు దేవుడి కొడుకయ్యాడు, ఆ బిరుదును నాణేల మీద కొట్టించుకున్నాడు కూడా. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర ఆంటోనీని, క్లియోపాత్రాను ఓడించి, క్రీ.పూ. 27 జనవరిలో అగస్టస్ అనే బిరుదు అందుకున్నాడు.

పేరుకు రోమ్ అప్పటికీ గణతంత్రమే. రాజు అన్న మాట ఎత్తితే గొంతు కోసే దేశం, సీజర్‌ను చంపింది ఆ అనుమానంతోనే. కాబట్టి తన తర్వాత ఫలానావాడు గద్దె ఎక్కుతాడని అగస్టస్ బాహాటంగా చెప్పడానికి లేదు. ఉన్న దారి ఒక్కటే: తన ఇంటి పేరు, తన ఆస్తి, తన సైనికుల విశ్వాసం ఇంకొకరికి సొంత ఇంటి వ్యవహారంలా అప్పగించడం. ఇల్లు అప్పగించడానికి రోమన్ చట్టంలో చక్కటి సాధనం దత్తత. దత్తు పోయేవాడు పసివాడే కానక్కర్లేదు, నడివయసు సేనాపతి అయినా సరే. దత్తు పోయిన క్షణం నుంచి పాత తండ్రి తండ్రి కాడు, కొత్త తండ్రి తండ్రే. ఇందులో సగం సగం ఏమీ ఉండదు.

అగస్టస్ మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. మొదటిది రాజకీయ ఒప్పందంలో భాగం, ఎక్కువకాలం నిలవలేదు. రెండో భార్య స్క్రిబోనియాకు క్రీ.పూ. 39లో కూతురు జూలియా పుట్టింది. పుట్టిన రోజే తల్లికి విడాకులిచ్చాడని చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. మరుసటి జనవరిలో లివియాను పెళ్ళాడాడు. అప్పటికి ఆమె ఇంకొకరి భార్య, మూడేళ్ళ కొడుకు టైబీరియస్ తల్లి, రెండో కొడుకు డ్రూసస్‌తో నిండు గర్భిణి. మొదటి భర్తే దగ్గరుండి ఆమెను అప్పగించాడు. ఆ తర్వాత 51 ఏళ్ళు కాపురం చేసినా వాళ్ళిద్దరికీ బతికిన బిడ్డ లేదు. అగస్టస్‌కు లోకంలో ఉన్న కన్నబిడ్డ జూలియా ఒక్కతే. లివియాకున్న ఇద్దరు కొడుకులూ క్లాడియస్ వంశంవాళ్ళు. వంశం పేరులో జూలియో పక్కన క్లాడియన్ చేరడానికి కారణం ఇదే.

కూతురి మీదుగా

ఒక్కగానొక్క కూతురి పెళ్ళి రాజ్య వ్యవహారం అయిపోయింది. క్రీ.పూ. 25లో 14 ఏళ్ళ జూలియాను మేనబావ మార్సెల్లస్‌కిచ్చి చేశారు. అతను అగస్టస్ అక్క ఆక్టేవియా కొడుకు. రెండేళ్ళకే మార్సెల్లస్ జబ్బుచేసి చనిపోయాడు. చక్రవర్తి తన కోసమని కట్టించుకుంటున్న సమాధి మందిరంలోకి మొదట చేరిన చితాభస్మం ఆ ఇరవై ఏళ్ళు నిండని అల్లుడిది. కవి వర్జిల్ తన ఈనీడ్ కావ్యం ఆరో సర్గలో మార్సెల్లస్‌ను తలుచుకుని రాసిన పంక్తులు చదివి వినిపిస్తుంటే ఆక్టేవియా స్పృహ తప్పి పడిపోయిందని పాత కథనం.

రెండో వరుడు అగ్రిప్పా. అగస్టస్‌కు చిన్ననాటి స్నేహితుడు, ఆక్టియం గెలిపించిన సేనాని, దాదాపు మామగారి ఈడువాడే. "అతన్ని ఎంత పెద్దవాణ్ణి చేశావంటే, ఇక అల్లుణ్ణి చేసుకోవాలి, లేదా చంపెయ్యాలి" అని అగస్టస్ సలహాదారు మైసీనస్ సలహా ఇచ్చినట్టు డియో రాశాడు. అప్పటికే అగ్రిప్పా భార్య అగస్టస్ మేనకోడలే, ఆక్టేవియా కూతురు. ఆమెకు విడాకులిప్పించి క్రీ.పూ. 21లో జూలియాతో పెళ్ళి చేశారు. ఈ పెళ్ళి పండింది: గాయస్, చిన్న జూలియా, లూషియస్, అగ్రిప్పీనా, తండ్రి పోయాక పుట్టిన అగ్రిప్పా పోస్ట్యుమస్, మొత్తం ఐదుగురు. జూలియా నడత మీద ఊళ్ళో గుసగుసలున్నా పిల్లలంతా అచ్చం అగ్రిప్పా పోలికే ఎలాగని ఎవరో అడిగితే, "పడవ నిండాకే బయటివాళ్ళను ఎక్కించుకుంటా" అందట. ఇది నాలుగు శతాబ్దాల తర్వాత మాక్రోబియస్ అనే రచయిత రాసిన మాట. ఆమె నిజంగా అన్నదో లేదో గానీ, ఈ కుటుంబంలో జనం దేన్ని లెక్కపెడుతున్నారో మాత్రం ఈ జోకు బాగా పట్టుకుంది.

లూషియస్ పుట్టిన ఏడాదే, క్రీ.పూ. 17లో, అగస్టస్ ఇద్దరు మనవల్నీ కొనుక్కున్నాడు. మాట వరసకు కాదు, నిజంగానే కొనడం. పిల్లల మీద తండ్రికి యజమాని హక్కులాంటిది ఉండేది కాబట్టి దత్తత తంతును అమ్మకం రూపంలోనే నడిపేవారు. చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన సూటోనియస్ వర్ణించిన ప్రకారం, అగ్రిప్పా ఇంట్లోనే, త్రాసు పెట్టి, రాగి నాణెంతో తట్టి, అగ్రిప్పా చేతినుంచి పిల్లల్ని తీసుకున్నారు. ప్రపంచంలో అతి పెద్ద సామ్రాజ్యానికి వారసులు ఒక కాణీకి చేతులు మారారు.

ఆ తర్వాత వాళ్ళ విషయంలో అగస్టస్ ఎంత మురిసిపోయాడంటే, చదువు చాలావరకు తనే చెప్పాడు, తన చేతిరాతను అనుకరించడం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాడు. అతని 64వ పుట్టినరోజున దూరదేశంలో ఉన్న గాయస్‌కు రాసిన ఉత్తరాన్ని ఆలస్ గెల్లియస్ అనే రచయిత భద్రపరిచాడు. "నా ముద్దుల గాడిదపిల్లా" అని మొదలవుతుంది. నువ్వు లేకపోతే తోచడం లేదు అంటాడు, చివర్లో నా కాపలా స్థానం మీకోసం ఎదురుచూస్తోందన్నట్టు రాస్తాడు. సెనేట్ ముందు ఎన్నడూ అనని మాట మనవడికి రాసిన ఉత్తరంలో బయటపడింది.

ఫ్రాన్స్‌లోని నీమ్ నగరంలో మేజోఁ కారే అనే రోమన్ గుడి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. ముఖభాగం మీద ఒకప్పుడు కంచు అక్షరాలుండేవి, ఎప్పుడో ఎవరో పీక్కుపోయారు. రాతిలో మేకుల బెజ్జాలు మాత్రం మిగిలాయి. 1758లో సెగియే అనే పండితుడు ఆ బెజ్జాల అమరికను బట్టి ఏ అక్షరం ఎక్కడుండేదో లెక్కగట్టి శాసనం చదివాడు: అగస్టస్ కుమారుడు, కాన్సల్ గాయస్ సీజర్‌కు, అగస్టస్ కుమారుడు, కాబోయే కాన్సల్ లూషియస్ సీజర్‌కు, యువజన నాయకులకు. అక్కన్‌పల్లి నాణెం మీదా ఇవే బిరుదులు. రెండింట్లోనూ అగ్రిప్పా పేరు లేదు. కన్నతండ్రిని చట్టం ఎంత శుభ్రంగా తుడిచేసిందో చూడాలంటే ఈ రెండూ చాలు.

ఇక జూలియా సంగతి. క్రీ.పూ. 12లో అగ్రిప్పా చనిపోతే, ఏడాది తిరక్కుండానే ఆమెను లివియా పెద్ద కొడుకు టైబీరియస్‌కు కట్టబెట్టారు. అతనికి అప్పటికే విప్సానియా అనే భార్య ఉంది, కడుపుతో ఉంది, ఇద్దరికీ ప్రాణం. ఆమె అగ్రిప్పాకు మొదటి భార్య వల్ల పుట్టిన కూతురు. అంటే టైబీరియస్ తన భార్యను వదిలేసి ఆమె మారుటితల్లిని పెళ్ళాడాల్సి వచ్చింది. తర్వాత ఒకసారి విప్సానియా దారిలో ఎదురైతే కన్నీళ్ళతో చూస్తూ వెంట నడిచాడని, ఆమె మళ్ళీ అతని కంటపడకుండా జాగ్రత్తపడ్డారని సూటోనియస్ అంటాడు. జూలియాతో కాపురం కుదరలేదు. క్రీ.పూ. 6లో టైబీరియస్ అన్నీ వదిలేసి రోడ్స్ దీవికి వెళ్ళి కూర్చున్నాడు.

క్రీ.పూ. 2 ఫిబ్రవరిలో సెనేట్ అగస్టస్‌కు జాతిపిత బిరుదు ఇచ్చింది. అదే ఏడాది అతను కన్నకూతురిపై వ్యభిచార నేరం మోపి పాండటేరియా అనే చిన్న దీవికి పంపేశాడు. మద్యం లేదు, అనుమతి లేకుండా మగపురుగు అడుగుపెట్టకూడదు. ఆమెతో పేరు ముడిపడ్డవాళ్ళలో మార్క్ ఆంటోనీ కొడుకు యూలస్ ఉండటం వల్ల ఇది కేవలం నడత సమస్య కాదని, కుట్ర వాసన కూడా ఉందని చాలామంది చరిత్రకారుల అనుమానం. నాకూ అదే సబబనిపిస్తుంది. చక్రవర్తి కూతురి పక్కన ఎవరు నిలబడితే వాళ్ళు వారసులయ్యే ఏర్పాటు చేసింది అగస్టసే కదా. ఎప్పుడో విడాకులిచ్చిన స్క్రిబోనియా మాత్రం కూతురి వెంట ప్రవాసానికి తనంతట తనే వెళ్ళింది.

లూషియస్ క్రీ.శ. 2లో మసీలియాలో, ఇప్పటి మార్సేలో, పోయాడు. గాయస్ అర్మేనియాలో ఒక కోట ముట్టడిలో గాయపడి, తిరిగి వస్తూ క్రీ.శ. 4 ఫిబ్రవరిలో లిసియాలోని లిమిరాలో కన్నుమూశాడు. రెండూ లివియా చేయించిన హత్యలేనని పుకారు పుట్టింది. ఒకరు పడమట, ఒకరు తూర్పున, వెయ్యి మైళ్ళకు పైగా దూరంలో చనిపోయారు. పుకారుకు దూరం లెక్క కాదు.

భార్యే కూతురైన వీలునామా

క్రీ.శ. 4 జూన్ 26న అగస్టస్ టైబీరియస్‌ను దత్తత తీసుకున్నాడు. రాజ్య క్షేమం కోసం ఈ పని చేస్తున్నాను అని పైకే అన్నాడు. ఆ మాటలో ఇష్టం ఎంతో అయిష్టం ఎంతో అప్పటినుంచీ వాదిస్తూనే ఉన్నారు. టైబీరియస్‌కు 44 ఏళ్ళు, యుద్ధాలు గెలిచినవాడు, తన ఇంటికి తనే పెద్ద. దత్తత జరిగిన రోజునుంచి ఆ పెద్దరికం పోయింది. ఆ తర్వాత అతను ఎవరికీ దానం ఇవ్వలేదు, బానిసల్ని విడుదల చెయ్యలేదు, తనకొచ్చిన వారసత్వాలను కూడా తండ్రి కొడుక్కిచ్చే చేతిఖర్చు పద్దులోనే రాసుకున్నాడు. చట్టాన్ని అక్షరాలా పాటించాడు.

అదే రోజు అగస్టస్ చిన్న మనవడు అగ్రిప్పా పోస్ట్యుమస్‌ను కూడా దత్తత తీసుకున్నాడు. అంతకు ముందే టైబీరియస్‌తో ఇంకో దత్తత చేయించాడు. టైబీరియస్‌కు సొంత కొడుకు ఉన్నా, తమ్ముడు డ్రూసస్ కొడుకు జర్మానికస్‌ను కొడుకుగా స్వీకరించాల్సి వచ్చింది. కిటుకు జర్మానికస్ పెళ్ళిలో ఉంది. అతని భార్య అగ్రిప్పీనా జూలియా కూతురు, అంటే అగస్టస్ మనవరాలు. టైబీరియస్ గద్దె మీద కూర్చున్నా అతని తర్వాత వచ్చే పిల్లల్లో తన రక్తం ఉండాలన్నది ముసలాయన లెక్క. జర్మానికస్ తల్లి చిన్న ఆంటోనియా, ఆక్టేవియాకు మార్క్ ఆంటోనీ వల్ల పుట్టిన కూతురు. ఆంటోనీ చనిపోయాక ఆక్టేవియా తన పిల్లలతో పాటు సవతి పిల్లల్ని కూడా పెంచింది. ఆంటోనీ రక్తం చక్రవర్తుల ఇంట్లోకి వచ్చింది ఆమె ఒడిలోంచే.

మిగిలిన రక్త సంబంధీకుల గతి బాగోలేదు. పోస్ట్యుమస్‌ను కొన్నేళ్ళకే ప్లానాసియా దీవికి పంపారు. చిన్న జూలియా కూడా తల్లిలాగే క్రీ.శ. 8లో దీవి పాలైంది. ఈ ముగ్గురినీ అగస్టస్ తన ఒంటి మీది మూడు కురుపులు అనేవాడట. జూలియాలిద్దరినీ తన సమాధి మందిరంలో పెట్టకూడదని వీలునామాలో రాశాడు.

క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలాలో అతను చనిపోయాడు. వీలునామా మొదటి వాక్యం ఇదీ: క్రూరమైన విధి నా కొడుకులు గాయస్, లూషియస్‌లను నా నుంచి లాగేసుకుంది కనుక, మూడింట రెండు వంతులకు టైబీరియస్ సీజర్ వారసుడగు గాక. పదేళ్ళు కొడుకుగా ఉన్నవాడికి అంతకన్నా చల్లటి ఆశీర్వాదం ఉంటుందా? మిగతా వంతు లివియాకు, ఆమెను వీలునామాతోనే జూలియస్ వంశంలోకి దత్తత తీసుకున్నాడు. 51 ఏళ్ళు కాపురం చేసిన భార్య చనిపోయిన భర్తకు చట్టరీత్యా కూతురై, జూలియా అగస్టా అనే పేరు తెచ్చుకుంది. కొత్త పాలనలో జరిగిన మొదటి పని పోస్ట్యుమస్ హత్య. ఆజ్ఞ ఎవరిదన్నది ఎవరూ ఒప్పుకోలేదు.

రక్తం నోరు విప్పితే

జర్మానికస్ క్రీ.శ. 19లో ఆంటియోక్‌లో హఠాత్తుగా చనిపోయాడు. టైబీరియస్ సొంత కొడుకు 23లో పోయాడు. ఇంట్లో మిగిలింది ఒకవైపు చట్టం ప్రకారం అగస్టస్ కొడుకైన టైబీరియస్, రెండోవైపు రక్తం ప్రకారం మనవరాలైన అగ్రిప్పీనా. ఒకరోజు ఆమె వెళ్ళేసరికి టైబీరియస్ దేవుడైన అగస్టస్‌కు బలి అర్పిస్తున్నాడు. అగస్టస్‌కు పూజ చేస్తూ అతని సంతానాన్ని వేటాడటం ఒకే మనిషికి తగదని, ఆ దివ్యాత్మ మూగ విగ్రహాల్లో లేదని, ఆ రక్తంలో పుట్టిన అసలు ప్రతిమ తనేనని ఆమె అన్నట్టు చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మొత్తం వంశ కలహం ఆ రెండు మూడు వాక్యాల్లో ఉంది. కొన్నేళ్ళకే ఆమెను తల్లి వెళ్ళిన పాండటేరియాకే పంపారు, 33లో అక్కడే చనిపోయింది. ఇద్దరు పెద్ద కొడుకులు కూడా నిర్బంధంలో పోయారు. మిగిలిన మూడోవాడు గాయస్, ముద్దుపేరు కలిగులా.

37లో ఇతను రావడంతో అగస్టస్ రక్తం మొదటిసారి గద్దె ఎక్కింది. వంశవృక్షం పరంగా ఇతనంత పుష్కలంగా ఎవరికీ కలిసిరాలేదు: తల్లి వైపు అగస్టస్‌కు, తండ్రి వైపు ఆంటోనీకి, లివియాకు మునిమనవడు. అతనికి ఒక్కటే నామర్దా. తల్లికి తండ్రైన అగ్రిప్పా సామాన్య కుటుంబీకుడు. అందుకని తన తల్లి అగ్రిప్పాకు కాక, అగస్టస్‌కూ అతని సొంత కూతురు జూలియాకూ పుట్టిందని చెప్పుకునేవాడని సూటోనియస్ రాశాడు. తాతను తప్పించడానికి ముత్తాత మీద అంత నింద వెయ్యడం అతనికి తప్పుగా తోచలేదు. 41 జనవరి 24న సొంత అంగరక్షకుల చేతుల్లోనే చచ్చాడు.

ఆ గందరగోళంలో తెర కింద ఎవరివో కాళ్ళు కనిపిస్తే ఒక సైనికుడు లాగి చూశాడు. కలిగులా చిన్నాన్న క్లాడియస్, యాభై ఏళ్ళవాడు. నడక తేడా, మాట తడబాటు అని చిన్నప్పటినుంచీ ఇంట్లోవాళ్ళే జనం ముందుకు రానివ్వని మనిషి. లివియాకు మనవడు, ఆక్టేవియా వైపు ఆంటోనీకి మనవడు. అగస్టస్ రక్తం లేదు, అతన్ని జూలియస్ వంశంలోకి ఎవరూ దత్తత కూడా తీసుకోలేదు. చట్టం దారం, రక్తం దారం రెండూ లేకుండా చక్రవర్తి అయినవాడు అతనే. సీజర్ అన్న పేరు తనే తగిలించుకున్నాడు. మరుసటి ఏడాది నాయనమ్మ లివియాను దేవతగా ప్రకటింపజేశాడు. దేవుడితో సంబంధం చెప్పుకోవడానికి అతని చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆమెతో చుట్టరికమే.

భార్య మెస్సలీనా వల్ల అతనికి ఆక్టేవియా అనే కూతురు, బ్రిటానికస్ అనే కొడుకు. 48లో మెస్సలీనాను చంపించాక, 49లో తన అన్న జర్మానికస్ కూతురు చిన్న అగ్రిప్పీనాను పెళ్ళాడాడు. మన లెక్కలో అక్క కూతుర్ని చేసుకోవచ్చు, అన్న కూతురు మాత్రం కన్నకూతురితో సమానం. రోమ్‌లో అంతవరకు రెండూ నిషిద్ధమే. క్లాడియస్ కోసం సెనేట్ అన్న కూతురి వరకు మాత్రం సడలించింది, అక్కచెల్లెళ్ళ కూతురు మీద నిషేధం అలాగే ఉంచింది. మనకు సరిగ్గా తలకిందులు. వంద ఏళ్ళ తర్వాత న్యాయశాస్త్రం రాసిన గాయస్ అనే పండితుడి పుస్తకంలో కూడా ఈ నియమం ఇలాగే ఉంది. చట్టం మారినా, దాన్ని వాడుకున్నవాళ్ళు రోమ్‌లో ఒకరిద్దరు తప్ప లేరు.

క్లాడియస్‌కు ఆమె ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఆమెలో అగస్టస్ రక్తం ఉంది, అతనిలో లేదు. ఆమెకు మొదటి పెళ్ళి వల్ల ఉన్న కొడుకు ఆంటోనీకి తండ్రి వైపు మునిమనవడు. 50లో క్లాడియస్ ఆ పిల్లాణ్ణి దత్తత తీసుకుని నీరో అన్నాడు. ఆ తర్వాత తన కూతురినిచ్చి పెళ్ళి చెయ్యాలి. దత్తతతో ఇద్దరూ అన్నాచెల్లెళ్ళయ్యారు కాబట్టి ముందు కూతుర్ని ఇంకో కుటుంబానికి దత్తత ఇచ్చి, తర్వాత పెళ్ళి చేశాడు. 54లో క్లాడియస్, మరుసటి ఏడాది బ్రిటానికస్ పోయారు. 59లో నీరో తల్లిని చంపించాడు.

రక్తం చూపించి గద్దె ఎక్కినవాడికి, అదే రక్తం ఉన్న ఇంకొకడు కనిపిస్తే నిద్ర పట్టదు. చిన్న జూలియా కూతురి సంతానం సిలానస్ కుటుంబం, వాళ్ళు కూడా నీరో అంత దగ్గరగా అగస్టస్ వారసులే. క్లాడియస్ కూతురికి మొదట నిశ్చయమైన వరుడు లూషియస్ సిలానస్. నీరో కోసం ఆ సంబంధం చెడగొడితే, క్లాడియస్, అగ్రిప్పీనాల పెళ్ళిరోజునే ఆత్మహత్య చేసుకున్నాడు. అతని సోదరుడు మార్కస్ అగస్టస్ చనిపోయిన ఏడాది పుట్టినవాడు, ఎవరి జోలికీ పోని మనిషి. కలిగులా అతన్ని బంగారు గొర్రె అని ఎగతాళి చేసేవాడు. నీరో పాలనలో మొదటి చావు అతనిదేనని టాసిటస్ అంటాడు. 64లో ఇంకో సోదరుడు డెసిమస్, 65లో వాళ్ళ అన్న కొడుకు. నీరోకు పుట్టిన ఒక్క కూతురు నాలుగు నెలలకే పోయింది. 68 జూన్‌లో అతను గొంతు కోసుకున్నప్పుడు గద్దెకు నిలబడగల అగస్టస్ వారసుడు ఎవరూ లేరు. అందరినీ చంపింది బయటివాళ్ళు కాదు.

మిగిలిన పేరు

నీరో తర్వాత వచ్చిన గాల్బాకు ఈ కుటుంబంతో రక్తమూ లేదు, దత్తతా లేదు. అయినా సీజర్ అని పేరు పెట్టుకున్నాడు. ఇంటి పేరు పదవి పేరుగా మారింది అక్కడే. తర్వాతి శతాబ్దిలో సింహాసనం మీద ఉన్నవాడు అగస్టస్, ఎంపిక చేసుకున్న వారసుడు సీజర్ అన్న పద్ధతి స్థిరపడింది. ఆ పేరు ఎంత దూరం నడిచిందంటే, ఇప్పటి పాకిస్తాన్‌లోని అటక్ దగ్గర దొరికిన ఆరా శాసనంలో కనిష్కుడనే కుషాణు రాజు తన బిరుదుల్లో కైసర అని కూడా రాయించుకున్నాడు. జర్మన్ కైజర్, రష్యన్ జార్ తెలిసినవే. 1877లో విక్టోరియా రాణికి పెట్టిన కైజర్-ఇ-హింద్ కూడా అదే కోవ.

రోమ్‌లోని కాపిటోలైన్ మ్యూజియంలో ఒక పెద్ద కంచు పలక ఉంది. ఊరూ పేరూ లేని కుటుంబం నుంచి వచ్చి 69లో చక్రవర్తి అయిన వెస్పాసియన్‌కు ఏయే అధికారాలున్నాయో చెప్పే చట్టం అది. ఒప్పందాలు చేసుకోవచ్చు, సెనేట్‌ను పిలవచ్చు అంటూ చాలా అధికారాలకు పూర్వ ఉదాహరణ చూపిస్తుంది: దివ్య అగస్టస్‌కు, టైబీరియస్‌కు, క్లాడియస్‌కు ఉన్నట్టే. కలిగులా పేరు ఎక్కడా లేదు, నీరో పేరూ లేదు. రాజ్యం తలుచుకోదగ్గవాళ్ళుగా ఎంచిన వారసులిద్దరిలోనూ అగస్టస్ నెత్తురు చుక్క లేదు. అది ఉన్న ఇద్దర్నీ వదిలేశారు.

ఆ రక్తంలో వెస్పాసియన్ కాలందాకా బతికినట్టు మనకు తెలిసిన మనిషి జూనియా కాల్వీనా, సిలానస్‌ల సోదరి. ఆత్మహత్య చేసుకున్న సోదరుడితోనే లేనిపోని సంబంధం అంటగట్టి ఆమెను అప్పట్లో ఇటలీ నుంచి వెళ్ళగొట్టారు. తల్లిని చంపించిన ఏడాది నీరో ఆమెను వెనక్కి రానిచ్చాడు. 79లో, వెస్పాసియన్ చివరి రోజుల్లో, అగస్టస్ సమాధి మందిరం తలుపులు ఉన్నట్టుండి వాటంతటవే తెరుచుకున్నాయని, ఆకాశంలో తోకచుక్క కనిపించిందని జనం భయపడ్డారు. చక్రవర్తికి ఏదో మూడిందన్నారు. ముసలి వెస్పాసియన్ నవ్వేశాడు. తలుపుల శకునం జూనియా కాల్వీనాదట, ఆవిడ కదా అగస్టస్ ఇంటి మనిషి. రోమన్లు జుట్టు చుక్క అని పిలిచే ఆ తోకచుక్క మాత్రం తూర్పున ఉన్న పార్థియా రాజ్యపు రాజు కోసమట, జుట్టు పొడుగ్గా ఉన్నది అతనికి గనక.